జలదోషమును కనుగొనిన జాన్ స్నో

మన నిఘంటువులలో నీటికి గల పర్యాయపదములను పరిశీలించినచో ఒక వింత గోచరించును. జీవనమనగా నీరు. అమృతమనగా నీరు. విషమనినను నీరే. ప్రాణము నిలుపుదానికిని, ప్రాణము తీయుదానికిని ఒకే పదార్థము పేరు కలిగియుండుట చదువరికి విడ్డూరముగా తోచును. కాని ఒక కాలమున ఇంగ్లండు దేశమునందు ఈ యర్థములన్నియు ఒకే కడవలో ఒదిగియుండెను. దప్పిక తీర్చిన నీరే తెల్లవారుసరికి ఇల్లు వల్లకాడు చేయుచుండెను. ఏ నీరు జీవనమో, ఏ నీరు విషమో లెక్క కట్టి వేరుపఱచి చూపిన పుణ్యపురుషుడు జాన్ స్నో అను వైద్యుడు. ఆయన చరిత్రము తెలిసికొనుట నీరు త్రాగు ప్రతివానికిని అవసరము.

స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమునందలి యార్కు పట్టణమున జన్మించెను. తండ్రి కూలివాడు. ఊసు నది రేవునందు రాక్షసిబొగ్గు కొట్లలో పనిచేసి కుటుంబమును పోషించుచుండెను. తొమ్మండుగురు బిడ్డలలో స్నో జ్యేష్ఠుడు. వారి కాపురము నది చెంతనున్న బీదల పేటలో నుండెను. వరద వచ్చినప్పుడెల్ల ఆ పేట ముంపునకు గురియగుచుండెను. పట్టణపు మురికి యంతయు ఆ నదిలోనే కలియుచుండెను. ఆ నది నీటినే జనులు వాడుకొనుచుండిరి. పసితనమున చూచిన ఈ దృశ్యము ఆయన మనస్సునుండి తొలగిపోయియుండదు.

బీదవారైనను తల్లిదండ్రులు కుమారుని చదువు మాన్పింపలేదు. 1827లో, పదునాలుగవ యేట, స్నో న్యూకాసిలు నగరమునందు ఒక శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా చేరెను. గురువు ఇంటనే యుండి, మందులు నూరి, రోగులకు కట్లు కట్టి విద్య నేర్చుకొనుట ఆనాటి పద్ధతి. ఆయనకు పదునెనిమిదేండ్లు నిండిన కాలమున, 1831వ సంవత్సరాంతమునందు, కలరా యను మహామారి మొదటి తడవ ఇంగ్లండు దేశమున అడుగిడెను. వంగదేశమున 1817లో చెలరేగిన ఆ వ్యాధి నానాదేశములు దాటి అచ్చటికి చేరెను. సమీపమునందలి కిల్లింగ్‌వర్తు గనిపల్లెలో పనివారు పదులకొలది నేలకూలుచుండగా, గురువు ఈ బాలవైద్యునే అచ్చటికి పంపెను. ఉదయము బలిష్ఠుడుగా గనిలో దిగినవాడు సాయంకాలమునకు శవమై పైకి వచ్చుట ఆయన కన్నులార చూచెను. గనివారు భూగర్భమున మరుగుదొడ్లు లేక అక్కడనే కాలకృత్యములు తీర్చుకొనుటయు, కడుగని చేతులతోనే చద్ది భుజించుటయు ఆయన గమనింపకపోలేదు. ఆ నాడు ఆయన చేసిన సేవ వ్యాధిని ఆపలేకపోయెను. కాని ఆ వ్యాధి గుట్టు తెలిసికొనవలెనను పట్టుదల అప్పుడే నాటుకొనెను.

స్నో ఆచారవ్యవహారములు ఆ దేశమువారికి వింతగా నుండెను. పదునేడవ యేట మాంసాహారము విడిచి శాకాహారియయ్యెను. మద్యమునకు దూరముగా నుండెను. నీటిని ఆవిరిపట్టి శుద్ధిచేసిగాని త్రాగువాడు కాడు. వివాహము చేసికొనలేదు. మాటకారితనము లేదు. గొంతు కొంచెము బొంగురు. సభలలో ఆయన ప్రసంగించునప్పుడు వినువారు చెవియొగ్గి వినవలసివచ్చెడిదని ఆయన నెఱిగినవారు వ్రాసియుంచిరి.

1836లో స్నో లండను నగరమునకు బయలుదేరెను. బండి వసతియున్నను బహుదూరము కాలినడకనే పయనించి, దారిలో బంధువుల పలుకరించి, ఆ మహానగరము చేరి వైద్యపాఠశాలలో ప్రవేశించెను. 1838లో శస్త్రవైద్యుల కళాశాలయందు యోగ్యతాపత్రమును, 1844లో లండను విశ్వవిద్యాలయమునందు ఎం.డి. పట్టమును పొందెను. సోహో యను పేటలో ఫ్రిత్ వీథియందు మొదట కాపురముండి, బీదసాదలకు వైద్యము చేయుచు పొట్టపోసికొనెను.

1846వ సంవత్సరాంతమున ఈథరు అను మత్తుమందు వార్త అమెరికానుండి ఇంగ్లండునకు వచ్చెను. అంతవఱకు శస్త్రచికిత్స యనగా రోగిని నలువురు పట్టుకొనగా కోయుటయే. స్నో ఈథరు ఆవిరి ఎంత వేడిమికి ఎంత పుట్టునో, ఎంత పీల్చిన రోగికి క్షేమమో, ఎంత పీల్చిన ప్రమాదమో కొలతలతో సహా నిర్ణయించి, 1847లో ఒక గ్రంథము ప్రకటించెను. తరువాత క్లోరోఫారమునందు ఆయనకు సాటివచ్చు వైద్యుడు ఆ దేశమున లేడని ఖ్యాతి వచ్చెను. 1853 ఏప్రిలు 7వ తేదీన విక్టోరియా రాణి ప్రసవసమయమున ఆమెకు క్లోరోఫారము ఇచ్చినది ఈయనయే. 1857లో మరియొక ప్రసవమునకును ఈయననే పిలిపించిరి. గనికూలీలకు మందిచ్చిన చేయి రాణికిని మందిచ్చెను. రాజసేవ లభించినవాడు సుఖముగా కూర్చుండవచ్చును. స్నో మాత్రము బీదలు కలరాతో చచ్చుచున్న సందులను విడువలేదు.

ఆ కాలమునాటి లండను స్థితిని కొంత తెలిసికొనవలెను. ఆ నగరమున సుమారు 25 లక్షల జనులుండిరి. పెక్కు ఇండ్ల క్రింద మరుగుదొడ్డి గుంటలుండెను. అవి నిండి నేలలోనికి ఊరుచుండెను. అదే నేలలో త్రాగునీటి బావులుండెను. ఎడ్విన్ చాడ్విక్ అను నధికారి 1842లో శ్రామికజనుల పారిశుద్ధ్యస్థితిని గూర్చి గొప్ప నివేదిక వ్రాసెను. దాని ఫలితముగా 1848లో ప్రజారోగ్య శాసనము పుట్టెను. కాని చాడ్విక్కునకును, ఆనాటి వైద్యులలో అధికసంఖ్యాకులకును ఒకే నమ్మకముండెను. దుర్గంధమే రోగమనియు, చెడుగాలి పీల్చుటవలననే కలరా వచ్చుననియు వారు తలచిరి. వాసన పోగొట్టవలెనను తొందరలో గుంటలలోని మలమంతటిని కాలువల ద్వారా థేమ్సు నదిలోనికి పారించిరి. ఆ థేమ్సు నదినుండియే నీటి కంపెనీలు నీరు తోడి నగరమునకు అమ్ముచుండెను! ఇల్లు శుభ్రమయ్యెను, కడవ మలినమయ్యెను. 1848, 1849 సంవత్సరములలో వచ్చిన కలరాకు లండనులో 14,000కు పైగా జనులు బలియైరి.

స్నోకు చెడుగాలి వాదము రుచింపలేదు. ఆవిరుల స్వభావము ఆయనకు తెలిసినంతగా మఱెవ్వరికిని తెలియదు. పీల్చినది యెంత దూరమునకు పలుచబడిపోవునో ఆయన కొలిచి చూచినవాడు. విషము గాలిలో నున్నయెడల మొదట ఊపిరితిత్తులు చెడవలెను గదా. కలరాలో మొదట చెడునది కడుపు. కావున విషము నోటిద్వారా కడుపులో ప్రవేశించుచున్నదనియు, రోగి విసర్జించిన మలమునుండి నీటిలో కలిసి మఱియొకని నోటికి చేరుచున్నదనియు, అది లోపల చేరి వృద్ధిపొందుచున్నదనియు ఆయన తర్కించెను. 1849లో ఈ యభిప్రాయమును చిన్న పొత్తముగా అచ్చువేయించెను. చదివినవారు కొందఱు. నమ్మినవారు బహుకొద్దిమంది. తర్కము బాగుగనున్నది గాని నిదర్శనమేదియని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే యని స్నో గ్రహించి, నిదర్శనమునకై ఐదేండ్లు కాచుకొనెను.

ఆ యవకాశము 1854లో వచ్చెను. థేమ్సునకు దక్షిణపుదిక్కున రెండు నీటి కంపెనీల గొట్టములు ఒకే వీథులలో పోవుచుండెను. ఒకే వరుసలో ఒక యింటికి ఒక కంపెనీ నీరు, ప్రక్కయింటికి మఱియొక కంపెనీ నీరు. ధనికులని, దరిద్రులని భేదము లేదు. గాలి యందఱకు నొక్కటియే. సదర్కు–వాక్సాలు కంపెనీ నగరమధ్యమున మలినమైన చోటనే నీరు తోడుచుండెను. లాంబెతు కంపెనీ 1852లోనే తన తోడుడు స్థలమును నగరపు మురికి చేరని యెగువప్రదేశమునకు మార్చుకొనెను. ఇంతకంటె చక్కని పరీక్షను మనుష్యుడు తలపెట్టి చేయలేడు. మూడులక్షలకు పైబడిన జనులు తామెఱుగకయే ఆ పరీక్షలో పాల్గొనిరి.

ఇంగ్లండులో 1837నుండి మరణములను రిజిస్టరులో నమోదుచేయు పద్ధతి కలదు. ఆ కార్యాలయమునందు లెక్కల పెద్దయగు విలియం ఫార్ చనిపోయినవారి ఇండ్ల జాబితాలను స్నోకు అందజేసెను. స్నో ఆ జాబితా చేతబట్టి ఇల్లిల్లు తిరిగెను. మీ యింటికి వచ్చునది ఏ కంపెనీ నీరని అడిగెను. అద్దెకున్న బీదలకు అది తెలియదు. పన్ను కట్టువాడు యజమాని. అట్టిచోట స్నో ఒక సీసాలో నీరు పట్టుకొనిపోయి సిల్వర్ నైట్రేటు ద్రావకముతో ఉప్పు పాలు పరీక్షించెను. సముద్రపుపోటు తగులు చోట తోడిన నీటిలో ఉప్పు పెక్కురెట్లు అధికముగా నుండుటచే ఏ నీరు ఏ కంపెనీదో ఇట్టె తేలిపోయెను.

ఏడు వారముల లెక్క తేలినపిదప సదర్కు–వాక్సాలు నీరు వాడు 40,046 ఇండ్లలో 1,263 మరణములును, లాంబెతు నీరు వాడు 26,107 ఇండ్లలో 98 మరణములును కనబడెను. పదివేల ఇండ్లకు ఒకచోట 315, వేఱొకచోట 37. ఒకే వీథి, ఒకే గాలి, ఒకే ఎండ. వేఱైనది నీరొక్కటియే.

ఈ గణనము సాగుచుండగనే ఆయన ఇంటికి అనతిదూరమున మఱియొక యుత్పాతము సంభవించెను. 1854 ఆగస్టు 31వ తేదీ రాత్రి సోహోలోని బ్రాడ్ వీథి ప్రాంతమున కలరా పిడుగువలె పడెను. మూడు దినములలో 127 మంది మరణించిరి. పది దినములలో ఆ సంఖ్య 500 దాటెను. బండ్లకొద్ది శవములు తరలింపబడెను. శక్తిగలవారు ఇండ్లకు తాళములు వేసి పాఱిపోయిరి.

ఆ వీథిలో ఒక చేతిపంపు కలదు. దాని నీరు తేటగా, రుచిగా నుండునని దూరపు వీథులవారును తెచ్చుకొనుచుండిరి. స్నో అనుమానము దానిమీద పడెను. మొదటి వారమున రిజిస్టరుకెక్కిన 83 మరణములను తీసికొని ఆయన విచారింపగా, దాదాపు అందఱును ఆ పంపునకు సమీపమున నివసించువారే. పదిమంది మాత్రము వేఱొక పంపునకు దగ్గఱివారు. స్నో వారి యిండ్లకును పోయెను. ఐదిండ్లవారు తమకు దగ్గఱిపంపును విడిచి బ్రాడ్ వీథి నీరే తెప్పించుకొనువారని తేలెను. ముగ్గురు ఆ పంపు చెంతనున్న బడికి పోవు బాలురు.

చావు రాని చోటులను సైతము ఆయన విచారించెను. ఇది ఆయన బుద్ధికుశలతకు గీటురాయి. పంపునకు చేరువనే 535 మంది బీదలుండు శరణాలయమున ఐదుగురే మరణించిరి. ఆ శరణాలయమునకు స్వంతబావి కలదు. అదే వీథిలో బీరు కాచు కార్ఖానాలో 70 మందికి పైగా పనివారుండగా ఒక్కడును చావలేదు. వారు పంపు నీరు ముట్టక బీరే త్రాగుచుండిరి. వీటికి తోడు, కొన్ని మైళ్ల దూరమున హాంప్‌స్టెడ్డులో ఒక వితంతువు కలరాతో మరణించెను. ఆ ప్రాంతమున మఱెవ్వరికిని కలరా లేదు. ఆమె పూర్వము బ్రాడ్ వీథిలో కాపురముండి, ఆ నీటి రుచి మఱువలేక ప్రతిదినము బండిమీద ఒక సీసా తెప్పించుకొనుచుండెనని ఆమె కుమారులవలన తెలియవచ్చెను. ఆమెను చూడవచ్చి ఆ నీరు త్రాగిన మేనగోడలును ఇస్లింగ్టనుకు పోయి మరణించెను.

సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలము స్నో పేటపాలక సంఘమువారి యెదుట ఈ లెక్కలు పెట్టెను. వారు పూర్తిగా నమ్మకపోయినను, మఱునాడు, 8వ తేదీన, పంపు పిడి ఊడదీయించిరి.

ఆ పిడి తీయగనే కలరా ఆగిపోయినదని కొందఱు చెప్పుదురు. అది సత్యము కాదు. జనులు పాఱిపోవుటచే అప్పటికే మరణములు తగ్గుముఖము పట్టెను. స్నో తానే ఈ సంగతి దాచక వ్రాసెను. తన వాదమునకు అనుకూలముగా లెక్కను సాగదీయుట ఆయన యెఱుగడు. అయినను ఆ పిడి తీయుట వృథా కాలేదని కొంతకాలమునకు తెలియవచ్చెను.

ఆ పేటలో హెన్రీ వైట్‌హెడ్ అను పిన్నవయస్సు క్రైస్తవ మతగురువుండెను. అతడు మరణశయ్యలయొద్ద కూర్చుండినవాడు. ప్రతి యింటిని ఎఱిగినవాడు. స్నో మాట తప్పని నిరూపింపవలెనని అతడు విచారణ ప్రారంభించెను. ఎంత విచారించిన స్నో మాట అంత బలపడెను. 1855లో మరణముల రిజిస్టరు తిరగవేయుచుండగా అతనికొక పంక్తి కనబడెను. బ్రాడ్ వీథి 40వ సంఖ్య యింట ఐదు నెలల శిశువు సెప్టెంబరు 2వ తేదీన విరేచనములతో మరణించినట్లు ఆ పంక్తి చెప్పుచుండెను. శిశువునకు జబ్బుచేసినది ఉపద్రవమునకు ముందే. తల్లిని విచారింపగా, బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటిముంగలి గుంటలో పోసితినని ఆమె చెప్పెను. ఆ గుంటకును పంపు బావికిని నడుమ మూడడుగుల దూరము లేదు. త్రవ్వి చూడగా ఇటుకలు శిథిలమై గుంటలోని మురికి బావిలోనికి ఊరిన జాడలు కనబడెను. ఆ శిశువు తండ్రికి కలరా సోకినది సెప్టెంబరు 8వ తేదీన, పిడి తీసిన దినముననే. అతని గుడ్డల నీరును ఆ గుంటలోనికే పోయెను. పిడి యథాస్థానమున నుండినయెడల బ్రాడ్ వీథి రెండవ మాఱు వల్లకాడై యుండెడిది.

ఆ మాతృమూర్తి చేసిన తప్పేమియు లేదు. బిడ్డ గుడ్డలు ఉతుకని తల్లి యుండునా? తప్పు గుంటను బావి ప్రక్కన త్రవ్వినవారిది, త్రవ్వనిచ్చినవారిది. ఆరువందలకు పైబడిన ప్రాణములు ఆ మూడడుగుల నేలలో పోయెను.

ఇంతటి నిదర్శనము లభించినను లోకము స్నోను మన్నింపలేదు. 1855లో ఆరోగ్యశాఖవారి వైద్యసంఘము ఆయన వాదమును త్రోసిపుచ్చెను. ఎముకలు ఉడికించు కార్ఖానాల దుర్వాసనవలన అంటువ్యాధులు పుట్టవని పార్లమెంటు ఉపసంఘము నెదుట ఆయన సాక్ష్యమీయగా, ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక ఆయనను ఘాటుగా దూషించెను. అదే సంవత్సరము ఆయన తన పొత్తమును పెంచి, లెక్కలతోను, మరణస్థలముల పటముతోను రెండవకూర్పు ప్రకటించెను. దానికి స్వంతసొమ్ము రెండువందల పౌనులు వెచ్చించెననియు, అమ్ముడుపోయిన ప్రతులు అతిస్వల్పమనియు ఆయన మిత్రులు చెప్పిరి. ఇక కలరా తగ్గినపిదప బ్రాడ్ వీథి పంపునకు పిడి మరల బిగింపబడెను. మలము నోటిలోనికి పోవుచున్నదను మాట వినుటకే పెద్దమనుష్యులకు జుగుప్సగా నుండెను.

1858 జూను 10వ తేదీన స్నో క్లోరోఫారమును గూర్చిన మహాగ్రంథము వ్రాయుచుండగా పక్షవాతము సోకెను. 16వ తేదీన మరణించెను. వయస్సు నలువదియైదేండ్లు. బ్రాంప్టను శ్మశానవాటికలో ఆయన దేహమునకు సమాధి కట్టిరి.

విధి విలాసము చూడుడు. స్నో కన్నుమూసిన ఆ వేసవియందే ఎండలు ముదిరి, థేమ్సు దుర్గంధము పార్లమెంటు భవనములోనికి చొచ్చెను. సభ్యులు చేతిరుమాళ్లు ముక్కునకు అదుముకొనిరి. కిటికీ తెరలను సున్నపు క్షారమున తడిపి వ్రేలాడదీసిరి. ఏండ్లతరబడి డబ్బు లేదనిన పాలకులు 18 దినములలో శాసనము గావించి మూడు మిలియను పౌనులు మంజూరు చేసిరి. జోసెఫ్ బజల్‌గెట్టు అను నింజనీరు 82 మైళ్ల మహాసొరంగములు ఇటుకతో కట్టించి, నగరపు మురుగును తూర్పుదిక్కున చాల దూరము గొనిపోయి నదిలో విడుచునట్లు ఏర్పాటు చేసెను. 1865లో దాని ప్రధానభాగము ప్రారంభోత్సవము జరిగెను. వాసనకు భయపడి కట్టిన కాలువ నీటిని కాపాడెను.

1866లో కలరా నాలుగవసారి వచ్చెను. క్రొత్త కాలువలు పూర్తియైన పేటలు చాలవఱకు తప్పించుకొనెను. కాలువ పూర్తికాని తూర్పుపేటలలో 5,000కు పైగా జనులు మరణించిరి. ఈ తడవ విలియం ఫార్ లెక్కలు వేసి, వడకట్టని నీరు సరఫరా చేసిన కంపెనీని గుర్తించెను. ఒకప్పుడు చెడుగాలిని నమ్మిన ఆ గణకుడే స్నో వాదమును ఒప్పుకొనెను. అటుతరువాత లండనులో కలరా మహామారిగా మరల లేవలేదు. 1875లో వచ్చిన గొప్ప ప్రజారోగ్య శాసనమువలన మంచినీరును, మురుగుకాలువయు చూచుట స్థానికసంఘముల విధియయ్యెను. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోకు కలకత్తా నగరమున, జనులు త్రాగుటకును, స్నానమునకును, ఉతుకుటకును వాడుకొను ఒక చెరువునందు కలరా క్రిమిని కనుగొనెను. స్నో కంటికి కనబడనిది సూక్ష్మదర్శినిలో కనబడెను.

నేడు ఆ వీథికి బ్రాడ్విక్ వీథియని పేరు. అచ్చట పిడి లేని పంపు ఒకటి స్నో స్మారకముగా నిలిచియున్నది. దాని సమీపముననే ఒక మద్యశాలకు ఆయన పేరు పెట్టిరి. బ్రతుకున అధికభాగము మద్యము ముట్టనివానికి ఇట్టి గౌరవము లభించెను!

స్నోయొద్ద అధికారము లేదు, ధనబలము లేదు, సూక్ష్మదర్శిని చూపిన క్రిమి లేదు. ఎవరో గుమాస్తా శ్రద్ధగా వ్రాసియుంచిన మరణముల రిజిస్టరును, ఇల్లిల్లు తిరుగు ఓపికయు, ఉన్నదున్నట్లు చెప్పు నిజాయితీయు మాత్రమే కలవు. శ్రద్ధగా వ్రాసిన పంక్తి ఒక పేటను రక్షించును. అమ్ముడుపోని పొత్తము ఒక దేశమును రక్షించును. వ్రాసినవాడు చూడకపోయినను చదువువాడు ఎప్పటికైన వచ్చును.

గ్రామమున ప్రతి గృహస్థుడును తన బావికిని, తన మరుగుదొడ్డి గుంటకును నడుమ ఎన్ని యడుగుల నేల యున్నదో ఒకసారి కొలిచి చూచుకొనవలెను. స్నో మహాశయునికి చెల్లింపదగిన నివాళి ఇదియే.